పిడికెడు బియ్యము
డోర్నకల్ ప్రథమ అధ్యక్షులు బిషప్ అజరయ్యగారి జీవితము

మా నాయనమ్మగారి వంటింటిలో పొయ్యి ప్రక్కన ఒక చిన్న కుండ ఉండేది. పూటకు కావలసిన బియ్యము కొలుచుకొన్న తరువాత, ఎసట్లో పోయక మునుపు, ఆమె అందులోనుండి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేవారు. ఆదివారము వచ్చునప్పటికి ఆ కుండలోని బియ్యము గుడికి చేరేది. కరవు రోజులలో పిడికిలి చిన్నదైనదే గాని, కుండ మాత్రము ఏ ఆదివారమును ఖాళీగా లేదని ఆమె చెప్పేవారు. ఈ అలవాటు ఎక్కడిదని మేము చిన్నతనములో అడిగినప్పుడు, ఖమ్మం ప్రాంతములోని తమ పల్లెకు ఎడ్లబండి మీద వచ్చిన నల్లని బిషప్ అయ్యగారిని గూర్చి ఆమె చెప్పేవారు. ఆ అయ్యగారే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు.

పిడికెడు బియ్యము తీయుట ఆయన ఒక్కరే కనిపెట్టినది కాదు. దక్షిణ దేశపు సంఘములలో చాలచోట్ల ఆ వాడుక ఉన్నది. అయితే కూలి చేసుకొని బ్రతుకు నిరుపేద కుటుంబము కూడ దేవునికి ఇయ్యగలదనియు, ఇచ్చుటవలన ఆ కుటుంబము తలయెత్తుకొని నిలువగలదనియు నమ్మి, ఆ నమ్మకము మీద ఒక అధ్యక్ష మండలమును కట్టినవారు ఆయన. ఈ శతాబ్ది సంచికలో గుడులను గూర్చియు, పాఠశాలలను గూర్చియు, ఆసుపత్రులను గూర్చియు పెద్దలు వ్రాయుదురు. మేము ఈ కుండను తలంచుకొని ఆ దైవజనుని జీవితమును వ్రాయదలచాము.

తాటితోపుల నడుమ

అజరయ్యగారు తెలుగువారు కారు. తమిళ దేశపు దక్షిణపు కొనలో, తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విలై అను పల్లెలో 1874 ఆగస్టు 17వ తేదీన జన్మించారు. ఎఱ్ఱ ఇసుక నేల, తాటితోపులు, తాటిబెల్లపు కాగులు, ఇదియే ఆ సీమ. ఆ ప్రాంతపు నాడార్లలో అనేకులకు తాటిచెట్టే జీవనాధారము. దేవాలయ ప్రవేశము లేక, పై కులములవారి చేత అనేక అవమానములు పడిన జనము వారు. ఆ జనములోనివారే అజరయ్యగారి పితరులు.

తండ్రి థామస్ వేదనాయగంగారు హిందూ కుటుంబమున పుట్టి, మిషను పాఠశాలలో చదువుకొనుచు క్రీస్తును అంగీకరించి, తరువాత ఆ పల్లెకే గురువుగారైరి. తల్లి ఎలెన్‌గారు మగబిడ్డ కొరకు చాల సంవత్సరములు కనిపెట్టుకొని, హన్నావలె ప్రార్థించి, బిడ్డ పుట్టగానే శామ్యూల్ అని పేరు పెట్టారు. 1889లో తండ్రిగారు ప్రభువునందు నిద్రించునప్పటికి కుమారునికి పదునైదేండ్లు. అప్పటినుండి ఆ ఇంటి భక్తిక్రమము తల్లిమీదనే నిలిచినది. మన ఇండ్లలో తల్లులు ప్రార్థనలో కన్నీరు విడుచుట వ్యర్థము కాదని చెప్పుటకు ఈ ఒక్క కుటుంబము చాలును.

బాలుడు మెయ్‌జ్ఞానపురము బోర్డింగు పాఠశాలలోను, తరువాత తిరునెల్వేలిలోను, ఆపైన మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివారు. తిరునెల్వేలిలో చదువు దినములలోనే, క్రైస్తవ విద్యార్థులలో సహితము కుల భేదములుండుట చూచి, వాటిని విడనాడుటకై తోటివారితో కలసి ఒక సహవాసమును ఏర్పరచుకొన్నారు. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకమందు ఉంచుకొనవలెను. కళాశాలలో గణితము ఆయన అభిమాన విషయము. అయితే బి.ఏ. పరీక్ష సమయమున జబ్బుపడి పరీక్ష వ్రాయలేకపోయారు. మరల వ్రాయుటకు పూనుకొనలేదు. పట్టా లేని ఆ మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమిచ్చినది.

1895లో ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా సేవలో ప్రవేశించారు. అమెరికా దేశస్థుడు షెర్వుడ్ ఎడ్డీ అక్కడ ఆయనకు ప్రాణస్నేహితుడైనాడు. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడారు. దక్షిణ దేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల మెట్టెక్కిన మొదటివారిలో ఆమె ఒకరు. అన్బు అనగా తమిళములో ప్రేమ అని అర్థము. కట్నము పుచ్చుకొనకుండ, ఆర్భాటము లేకుండ ఆ వివాహము జరిగినది. కుమార్తె పెండ్లికి పొలము అమ్ముకొని అప్పులపాలైన విశ్వాసులను ఎరిగిన మాకు ఈ సంగతి పెద్దదిగానే తోచుచున్నది.

జాఫ్నాలో కలిగిన సిగ్గు

1902లో అజరయ్యగారు సింహళ ద్వీపములోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుష్యులను సువార్త పనికి దూర ప్రాంతములకు పంపుచుండుట చూచారు. అది చూచి ఆయనకు సంతోషము కంటె ముందు సిగ్గు కలిగినది. తిరునెల్వేలి సంఘము వారికంటె పెద్దది, పాతది. అయినను సువార్తను పంపుట తెల్లదొరల పని, పుచ్చుకొనుట మన పని అనుకొని తమవారు కూర్చున్నారని ఆయన గ్రహించారు.

ఆ సిగ్గు ఊరకపోలేదు. 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడినది. విదేశపు సొమ్ము లేకుండ, భారతీయుల కానుకలతో, భారతీయుల చేత నడుచుట దాని నియమము. 1905 డిసెంబరు 25వ తేదీన సేరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపింపబడినప్పుడును ఆయన ముందు నిలిచినవారిలో ఒకరు.

తిరునెల్వేలివారు తమ పనికి నైజాం సంస్థానములోని తెలుగు ప్రాంతమును ఎన్నుకొన్నారు. అది పూర్తిగా పల్లెల సీమ. జొన్నచేలు, అడవి, చెరువులు, దొరల గడీలు, వారి క్రింద వెట్టి చేయు జనము. తాటిచెట్టెక్కువారి చందా డబ్బులు మన మాలపల్లెలకు, మాదిగపల్లెలకు సువార్తగా వచ్చినవి. మన వంశవృక్షములో ఎక్కడో ఒకచోట ఆ ఎఱ్ఱ ఇసుక సీమలోని పేదల కానుక వేరు పారియున్నదని మనము మరువరాదు.

డోర్నకల్ జంక్షన్

ఇతరులను పంపుట సులభము. తాము వెళ్లుట కష్టము. యువకులను మిషనరీ పనికి పిలుచుచు తిరుగుచున్న అజరయ్యగారికి, తానే ఎందుకు వెళ్లరాదను ప్రశ్న ఎదురైనది. వై.ఎం.సి.ఏ.లోని పేరును, పలుకుబడిని విడిచి, 1909లో గురుపట్టము పొంది, సకుటుంబముగా డోర్నకల్ చేరారు. నేడు మహబూబాబాద్ జిల్లాలోనున్న ఆ ఊరు ఆనాడు కాజీపేట, బెజవాడల నడుమ ఒక రైలు జంక్షను. అక్కడినుండి సింగరేణి బొగ్గుగనులకు ఒక పాయ చీలిపోయేది.

అప్పటికి ఆయనకు ముప్పదియైదేండ్లు. ఆ వయస్సులో తెలుగు నేర్చుకొనుటకు కూర్చున్నారు. తమిళము నోట, ఇంగ్లీషు కలమున బాగుగా నడుచు పెద్దమనిషి, చదువురాని పాలేరు మాట్లాడు తెలుగును చెవియొగ్గి విని నేర్చుకొనవలసి వచ్చినది. నేర్చుకొన్నారు. ఆ భాషలోనే ముప్పదియైదేండ్లు బోధించారు.

స్నేహము అడిగిన మనిషి

1910లో స్కాట్లండు దేశపు ఎడింబరో పట్టణములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. పన్నెండు వందలకు పైగా వచ్చిన ప్రతినిధులలో ఆసియా ఖండమువారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే. అజరయ్యగారు వేదిక మీద నిలిచి, మిషనరీల త్యాగమును వందనములతో ఒప్పుకొనుచునే, వారికిని భారత క్రైస్తవులకును మధ్య యజమాని, సేవకుల సంబంధము తప్ప స్నేహము కొరవడినదని చెప్పారు. తమకు దానముల కంటె ఎక్కువగా స్నేహితులు కావలెనని కోరారు. సభలో కలవరము పుట్టినది. కొందరు నొచ్చుకొన్నారు. ఆ మాట తప్పని నేడు చెప్పువారు ఎవరును లేరు.

రెండేండ్లకు, 1912 డిసెంబరు 29వ తేదీన, కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రలులో ఆయన బిషప్‌గా అభిషేకింపబడ్డారు. ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్‌గారు ఇందుకు చాల పాటుపడ్డారు. ఒక భారతీయుని క్రింద తెల్లవారు ఎట్లు పనిచేయుదురని సందేహించినవారున్నారు. భారతీయ క్రైస్తవులలోను అడ్డు చెప్పినవారున్నారు. ఆయన వాదమునకు దిగలేదు. ఎడ్లబండి కట్టించుకొని పల్లెలకు వెళ్లారు.

పల్లెల నడుమ

మొదట ఆ అధ్యక్ష మండలము చిన్నది. 1920 తరువాత కృష్ణా మండలములోని చర్చి మిషను సంఘములును, కర్నూలు, కడప సీమలలోని ఎస్.పి.జి. సంఘములును చేరి విశాలమైనది. 1941 నాటికి విశ్వాసులు రెండు లక్షలకు మించారు. వీరిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబములవారు. చేతిలో సెంటు భూమి లేనివారు, సంవత్సరము పొడుగున ఆసామికి అప్పు తీర్చుచుండువారు.

ఇటువంటి సంఘమును ఎట్లు నిలువబెట్టుట? విదేశపు డబ్బుతో పోషించినచో అది ఎన్నడును నడక నేర్వదని అజరయ్యగారి నిశ్చయము. అందుచేత బాప్తిస్మము పొందిన ప్రతివాడును సువార్తికుడే, ప్రతి కుటుంబమును ఇచ్చు కుటుంబమే అని ఆయన బోధించారు. బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తలమీదనే ఉంచుకొని, సువార్త ప్రకటింపనియెడల తమకు శ్రమ అని పౌలుగారివలె ఒప్పుకొనవలెను. మా నాయనమ్మగారు ముసలితనములోను ఆ సంగతి చెప్పునప్పుడు తెలియకుండనే చేయి తలమీద పెట్టుకొనేవారు. ఏటేట సువార్త వారములో కూలి మానుకొని, పల్లె పల్లెకు పాటలతో వెళ్లిన స్త్రీ పురుషులలో చదువు వచ్చినవారు కొద్దిమందియే.

డబ్బు లేనివారు బియ్యము తెచ్చారు. బియ్యము లేనివారు గ్రుడ్లు, కోడిపిల్లలు, గుమ్మడికాయలు తెచ్చారు. కోత పండుగనాడు గుడి ముంగిట ధాన్యపు రాశి లేచేది. అర్పణను గూర్చి ఆయన వ్రాసిన ఇంగ్లీషు పుస్తకము ఇతర దేశముల సంఘములలో కూడ చదువబడినది. దాని వెనుకనున్న అనుభవము మాత్రము మన పల్లెలలోని ఈ రాశులే.

మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములను వెళ్లగొట్టవలెనని ఆయన ప్రచారము. అప్పుల బాధ తీరుటకు సహకార సంఘములు, పిల్లలకు పల్లె బడులు, పనివారికి శిక్షణ పాఠశాలలు వెలసినవి. పల్లె పనికి భర్త ఒక్కడే చాలడని, ఉపదేశుల భార్యలకును చదువు, ఆరోగ్య సూత్రములు, వాక్యము నేర్పించారు. ఈ పనిలో అన్బు మరియమ్మాళ్‌గారు ముందు నడిచారు. నేడు మన స్త్రీల మైత్రి కూటములలో లేచి ధైర్యముగా ప్రార్థించు సహోదరీలు ఆనాటి ఆ పాఠముల పంటయే.

ఆరాధన తెలుగు తీరున ఉండవలెనని ఆయన కోరిక. భజనలకు, కోలాటములకు చోటిచ్చారు. దూర పల్లెలకు బండి మీదను, బండి పోలేని చోటికి సైకిలు మీదను, నడచియు వెళ్లారు. క్రమశిక్షణ విషయములో ఆయన కఠినులు. తప్పు చేసిన పనివారిని ఉపేక్షించేవారు కారు. అందువలన నొచ్చుకొన్నవారును ఉన్నారు.

ఒకే పంక్తి

అన్నిటికంటె కఠినముగా ఆయన ఎదిరించినది సంఘములోని కులమును. మాలలు, మాదిగలు ఊరి చేత వెలివేయబడినవారే. అయినను ఒకరి బావినీళ్లు ఒకరు ముట్టని దినములవి. బాప్తిస్మము పొందినంత మాత్రాన ఆ గోడ పడిపోలేదు. ఒకే బల్ల, ఒకే గిన్నె, ఒకే పంక్తి అని ఆయన పట్టుపట్టారు. తన సొంత జనము ఏమి అనుభవించినదో ఎరిగిన మనిషి, విద్యార్థి దశలోనే కుల భేదమును విడిచిన మనిషి, ఈ విషయములో రాజీపడలేదు. పేటలోని కూలివారి బ్రదుకు మారుట చూచి, 1930వ దశకములో ఇతర కులములనుండియు వేలకొలది జనులు సంఘములో చేరారు.

మతమార్పిడి విషయమై గాంధీగారికిని ఆయనకును 1930వ దశకములో తీవ్రమైన భేదాభిప్రాయములు వచ్చినవి. అట్లని ఆయన తన జనమును దేశమునుండి వేరుచేయగోరలేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజక వర్గములు వద్దని చెప్పినవారిలో ఆయన ఒకరు.

గుడియు, ఐక్యతయు

డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రలును చూచిన వారికి ఆయన మనస్సు తెలియును. గుమ్మటములు, మినారులు మసీదును తలపించును. చెక్కిన రాతి స్తంభములు కోవెలను తలపించును. లోపల సిలువ. అన్యదేశపు గుడివలె కాక, ఈ నేలలో మొలచిన గుడివలె ఉండవలెనని ఆయన ఆశ. డబ్బు చాలక సంవత్సరముల తరబడి సాగిన ఆ కట్టడము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడినది.

రాతి గుడి కంటె ఎక్కువగా ఆయన కట్టగోరినది ఐక్య సంఘమును. పడమటి దేశములలోని పూర్వపు తగవులను మన పల్లెవాడు ఎందుకు మోయవలెనని ఆయన ప్రశ్న. 1919 మే నెలలో తరంగంబాడిలో కూడిన ఐక్యత సభకు ఆయన నాయకులలో ఒకరు. 1927లో స్విట్జర్లాండులోని లోసాన్‌లోను, 1938లో తాంబరములోను ప్రపంచ సభలయెదుట ఇదే భారమును వెల్లడించారు. ఫలితమును మాత్రము కన్నులార చూడలేదు. కొద్ది దినముల జ్వరముతో, 1945 జనవరి 1వ తేదీన, డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము అవతరించినది. మోషే నెబో కొండనుండి చూచిన దేశములో నేడు మనము కాపురమున్నాము.

మన కుండ ఏది?

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసి యున్నది. వేదాంత కళాశాలనుండి వచ్చి మేము మొదట పనిచేసిన పాస్టరేటులో రెండు పేటలవారు ఉండేవారు. ఆదివారము ఒకే గుడిలో కూర్చుండేవారు. కోత పండుగ భోజనములకు మాత్రము వేరువేరుగా గాడిపొయ్యిలు త్రవ్వేవారు. మొదటి సంవత్సరము మేము చూచియు చూడనట్లు రెండు విస్తళ్లలోను తిని ఊరకుంటిమి. కమిటీవారితో పేచీ ఎందుకని భయపడితిమి. ఆ తరువాత లెంటు దినములలో అజరయ్యగారి జీవితమును మరల చదివినప్పుడు, జాఫ్నాలో ఆయనకు కలిగిన సిగ్గు వంటిదే మాకును కలిగినది.

మరుసటి కోత పండుగకు ఒకే పొయ్యి అని చెప్పాము. సగము కుటుంబములు రాలేదు. కమిటీలో ఇద్దరు రాజీనామా ఇచ్చారు. అయితే ఆ ఉదయమున ఒక పేటనుండి ఒక ముసలమ్మ తన పిడికెడు బియ్యపు మూట తెచ్చి కాగు దగ్గర పోసినది. అవతలి పేటనుండి ఇంకొకామె వచ్చి దానిమీదనే తన బియ్యము పోసినది. కలసిన తరువాత ఏ గింజ ఎవరిదో ఎవరు చెప్పగలరు? ఆనాడు రానివారిలో కొందరు మూడేండ్లకు వచ్చారు. కొందరు మేము బదిలీ అయి వచ్చునంతవరకును రాలేదు. ఈ పని ముగిసినదని మేము వ్రాయలేము.

ప్రియులారా, నూరేండ్లలో మనకు దేవుడు చాల ఇచ్చాడు. మన పిల్లలు ఉద్యోగములలోను, విదేశములలోను ఉన్నారు. కానుకలు కవర్లలో వచ్చుచున్నవి. అయితే అజరయ్యగారు మన ఇండ్లలో విడిచిన ఆస్తి భవనము కాదు, పట్టా కాదు. పేదవాడును ఇయ్యగలడను ధైర్యము, పెద్దవాడును అదే పంక్తిలో కూర్చుండవలెనను నియమము, తల్లి ప్రార్థన చేయు ఇల్లు. ఇవి మూడును ఉన్నయెడల శతాబ్ది పండుగకు అర్థమున్నది. ఇవి లేక గుడులకు రంగులు వేసినయెడల, రంగు మాత్రమే మిగులును.

మా నాయనమ్మగారి కుండ ఇప్పుడు లేదు. ఆమె సమాధి అయిన తరువాత ఇల్లు సర్దుటలో ఎక్కడో పగిలిపోయినది. క్రొత్తది ఒకటి కొని మా గురుగృహములో స్టవ్వు ప్రక్కన పెట్టాము. బియ్యము తీయుట మా చిన్న కుమార్తె పని. ఈ సంచిక చదువు ప్రతి ఇంటను ఈ సంవత్సరము అటువంటి కుండ ఒకటి వెలయును గాక. ఆ బియ్యమంతయు ఒకే కాగులో ఉడుకునట్లు సంఘమునకు శిరస్సైన ప్రభువు కృప చూపును గాక. ఆమేన్.